ముప్పై ఒక్క దుకాణాలు, నలభై ఒకటో రోజు

మా ఆఫీసులో నన్ను జల్లెడ అంటారు. ఎదురుగా మేడమ్ అంటారు, వెనక జల్లెడ అంటారు. నాకు తెలుసన్న సంగతి వాళ్లకూ తెలుసు. వరదో, అగ్నిప్రమాదమో, ఫ్యాక్టరీ మూతపడటమో, ఊరికి ఏదైనా పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఏ వీధి ఎంత కుంగింది, ఎన్నాళ్లకు తేరుకుంది అని లెక్కగట్టడం మా విభాగం పని. సర్వే చేసేవాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపుకొస్తారు. వాటిలో కాకిలెక్కలు ఏరి పారేయడం నా పని. పంతొమ్మిదేళ్లుగా అదే చేస్తున్నాను. బాగానే చేస్తున్నానని నా నమ్మకం.

ఫారంలో ముప్పై ప్రశ్నలున్నా ఆయువుపట్టు మాత్రం పన్నెండోది. "దెబ్బ తగిలాక మీ దుకాణం ఎన్నో రోజున మళ్లీ తెరిచారు?" ఆ ప్రశ్న రాసింది నేనే. అంతకుముందు అక్కడ "మీరు ఎంతవరకు తేరుకున్నారు?" అని ఉండేది. జనం దానికి "ఏదో ఇలా ఉన్నాం" అనీ, "అంతా మీ దయ" అనీ జవాబు చెప్పేవారు. దయను కంప్యూటర్లో ఏ గడిలో ఎక్కించాలి? షట్టరు ఎత్తిన రోజు అడిగితే ఒక అంకె వస్తుంది, అంకెల సగటు తీస్తే వీధికి మార్కు వస్తుంది. ఆ ప్రశ్న రాసిన రోజు ఇంటికి వెళ్లి మా ఆయనకు రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను.

పారేసిన ఫారాలకు ఒక రిజిస్టరు ఉంది. వీధి, ఫారాల సంఖ్య, కారణం, చివరి గడిలో తప్పు ఎవరిది. ఆ చివరి గడిలో సర్వే చేసిన మనిషి నంబరు వేస్తాను. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ల నంబరు మూడుసార్లు పడితే ఇక వాళ్లను పనికి పిలవరు. ఆ రూలు పెట్టింది నేను కాదు గానీ నాకు నచ్చిన రూలే.

మొన్నటి వరద ఫారాలు చూస్తుంటే ఒక కట్ట దగ్గర నా చెయ్యి ఆగింది. కుట్టుమిషన్ల సందు. దర్జీలు, పరదాలు కుట్టేవాళ్లు, సంచులు కుట్టేవాళ్లు, మొత్తం ముప్పై ఒక్క దుకాణాలు. పన్నెండో ప్రశ్నకు ముప్పై ఒక్కరి జవాబూ నలభై ఒకటి. ఒక్కరంటే ఒక్కరు నలభై అనలేదు, నలభై రెండు అనలేదు. ఎక్కడో చెట్టు నీడన కూర్చుని ఒకే చేత్తో నింపిన ఫారాలు ఇలాగే ఉంటాయి. సగటు కూడా మరీ నాసిగా వచ్చి, ఊరు మొత్తంలో ఆ సందుకు అన్నిటికంటే తక్కువ మార్కు పడింది.

కట్ట మీద సర్వే మనిషి నంబరు పదిహేడు. పదిహేడంటే మా తోడికోడలు.

ఆమె నంబరు రిజిస్టర్లో అప్పటికే రెండుసార్లు పడి ఉంది. రెండుసార్లూ నా చేత్తోనే పడింది. మా మరిది పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఏడాదైంది, కింది వాటాలో ఉన్న ఆ నలుగురి కడుపులూ ఈ కాంట్రాక్టు మీదే ఆధారపడ్డాయి. ఇంటి మనిషి ఫారాలు నేను చూడటం బాగుండదని మొదట్లోనే డైరెక్టరు గారితో అన్నాను. ఆయన నవ్వి, "మీకు అయినవాళ్లూ కానివాళ్లూ ఒకటే కదా మేడమ్" అన్నారు. పొగడ్త అనుకుని అప్పుడూ మురిసిపోయాను. మురిసిపోవడం నాకు కొంచెం ఎక్కువే.

ఆ సాయంత్రం ఆమె మెట్ల దగ్గర నిలబడి ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆఫీసు సంగతులు ఇంట్లో ఎత్తకూడదని నేనే కట్టడి పెట్టాను. అయినా ఉండబట్టలేక అడిగాను.

"కుట్టుమిషన్ల సందుకు నువ్వు వెళ్లే రాశావా?"

"వెళ్లకుండా ఎలా రాస్తానక్కా?"

"ముప్పై ఒక్క మందికీ ఒకే రోజు ఎలా వచ్చింది మరి?"

"వాళ్లు అదే చెప్పారు."

"ఎందుకని అడగలేదా?"

"అడిగాను." చేతిలో చొక్కా మడత పూర్తిచేసి పక్కన పెట్టింది. "ఎందుకు అన్నదానికి ఫారంలో గడి లేదు కదా. కావాలంటే మీరే ఒకసారి వెళ్లి చూడండి. పది స్టాపుల దూరం, అంతే."

నాకు ఒళ్లు మండింది. జవాబు దగ్గర పెట్టుకుని చెప్పని మనుషులంటే నాకు మొదటినుంచీ గిట్టదు. పైకి వచ్చి గిన్నెలు కాస్త గట్టిగానే సర్దాను. మా ఆయన తల తిప్పకుండా పేపరు చదువుకున్నారు.

అయితే నిద్ర పట్టేలోగా ఇంకో సంగతి తోచింది. దొంగ ఫారాలు నింపేవాళ్లకు ఒక భయం ఉంటుంది. అన్నీ ఒకేలా ఉంటే పట్టుబడతామని ముప్పై ఎనిమిది, నలభై మూడు అంటూ అటూ ఇటూ జల్లుతారు. ముప్పై ఒక్కసార్లు నలభై ఒకటి వేయాలంటే వట్టి తెలివితక్కువ మనిషైనా అయ్యుండాలి, నిజమైనా అయ్యుండాలి. మా తోడికోడలు నోట్లో నాలుక లేని మనిషేగానీ తెలివితక్కువది కాదు. పోయిన రెండుసార్లూ ఈ ఆలోచన నాకు ఎందుకు రాలేదో తెలియదు. మూడోసారి నంబరు పడితే ఏమవుతుందో తెలుసు కాబట్టే వచ్చిందేమో.

శనివారం పొద్దున్నే బస్సెక్కాను. పంతొమ్మిదేళ్లలో ఒక ఫారం పట్టుకుని వీధిలోకి వెళ్లడం అదే మొదలు.

సందులోకి వెళ్లాలంటే ముందు పెద్ద రోడ్డు దాటాలి. మా లెక్కలో ఊరు మొత్తానికి మొదటి మార్కు ఆ రోడ్డుదే, తొమ్మిది రోజుల్లో తెరిచేశారు. షోకుగా ఉన్న ఒక చెప్పుల దుకాణంలోకి వెళ్లి, తొమ్మిదో రోజున ఎలా తెరవగలిగారని యజమానిని అడిగాను.

"ఇంట్లో కూర్చుని చేసేదేముంది మేడమ్? ఇక్కడికొచ్చి ఫ్యాను కింద కూర్చున్నాం."

"సరుకో?"

"సరుకు వచ్చి పది రోజులైంది. అప్పటిదాకా ఈగలు తోలుకున్నాం."

వరద వచ్చి అప్పటికి మూడు నెలలు. అంటే మొదటి మార్కు వచ్చిన రోడ్డు రెండు నెలలకు పైగా ఖాళీ అరల ముందు కూర్చుంది. పక్క రెండు దుకాణాల్లోనూ ఇదే మాట. నా పుస్తకంలో రాసుకున్నాను. ఏదో గుచ్చుకుంటున్నట్టు ఉంది గానీ ఏమిటో ఇంకా తెలియలేదు.

సందు మొదట్లోనే బొత్తాల దుకాణం. గాజు సీసాల నిండా రంగురంగుల బొత్తాలు, ఓ పక్కన పాత కుట్టుమిషన్, వాటి వెనక యాభై దాటిన ఒకావిడ. సందులో ఆమెను అందరూ బొత్తాలామె అంటారని తర్వాత తెలిసింది. లెక్కల ఆఫీసు నుంచి వచ్చానని చెప్పాను.

"ఇంకో మేడమ్ వచ్చి రాసుకుపోయింది కదా. బక్కపల్చటి ఆవిడ. మూడు రోజులు తిరిగింది పాపం, చెప్పులు కూడా తెగిపోయాయి."

చెప్పులు తెగిన సంగతి మా ఇంట్లో ఎవరూ అనలేదు. కాస్త తేరుకుని, అందరూ ఒకే రోజు ఎందుకు తెరిచారో చెప్పమన్నాను. బొత్తాలామె నవ్వి, సందులోకి తల పెట్టి కేకేసింది.

"డాక్టరు గారూ, నీ ఘనకార్యం వినడానికి ఒకావిడ వచ్చింది."

వచ్చిన పెద్దాయన మిషన్లు బాగుచేసే మెకానిక్. డెబ్బై ఏళ్లుంటాయి, వేళ్ల సందుల్లో నల్లటి నూనె. మిషన్ల డాక్టరు అని పిలుస్తారు. తన ఘనకార్యం చెప్పమంటే ఆయనకు కోపం రాలేదు, చెప్పి చెప్పి అలవాటైనట్టుంది.

"రెండో రోజు పొద్దున నీళ్లు తీశాయండి. మిషన్లన్నీ బురదలో ఉన్నాయి. ఒక్క రోజు ఆగామా, తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. అందుకని అందరినీ పిలిచి, ఉన్నవి ఉన్నట్టు విప్పేయండి, ముక్కలన్నీ కిరోసిన్లో వేయండి అన్నాను."

"ఉన్నవి నాలుగు డ్రమ్ములు. యాభై ఎనిమిది మిషన్లు" అని బొత్తాలామె అందించింది.

"తొందరలో..."

"తొందరలో ఈ మహానుభావుడు, ఎవరి ముక్కలు వాళ్లు మూట కట్టుకోండి అన్న ఒక్క మాట మరిచిపోయాడు. అందరం తెచ్చి గుమ్మరించాం. తెల్లారి చూస్తే నాలుగు డ్రమ్ముల కలగాపులగం."

అయితే ఏమైంది, ఏదో ఒక ముక్క పెట్టుకోకూడదా అన్నాను. నా ప్రశ్న విని డాక్టరు గారి మొహం చిన్నబోయింది, కొత్త కోడలికి పప్పు గరిటె చూపిస్తున్నంత ఓపికగా చెప్పారు.

"కొత్త మిషన్లయితే పెట్టచ్చండి. ఇవి ముప్పై, నలభై ఏళ్లవి. దారం చుట్టిన బాబిన్ ఉంటుందా, దాన్ని మోసే షటిల్, ఆ షటిల్ తిరిగే గాడి, ఈ రెండూ ఒకదానికొకటి అరిగి కుదురుకుంటాయి. ఇంకోదాని షటిల్ పెడితే తిరుగుతుంది గానీ కుట్టు తప్పుతుంది. బలవంతాన నడిపితే గాడిని తినేస్తుంది. ఒక్కో గాడికీ ఒక్కో షటిల్ పెట్టి, చక్రం తిప్పి, చప్పుడు విని చూసుకోవాలి. వేరే దారి లేదు."

"ముందు కుదిరినవాళ్లు ముందు పట్టుకెళ్లి తెరుచుకోవచ్చు కదా?"

"ఎలా పట్టుకెళ్తారు?" బొత్తాలామె అడ్డుపడింది. "మంచితనం అనుకునేరు, అదేం లేదు. నా షటిల్ నువ్వు పట్టుకెళ్లే మిషన్లో ఉందేమో. ఆఖరి మిషన్ కుదిరేదాకా ఏ ఒక్కటీ గడప దాటకూడదని నేనే గొడవపెట్టాను. మా ఆడపడుచు మొగుడితో కూడా పోట్లాడాను."

అప్పుడు నాకు నలభై ఒకటి అర్థమైంది. ఆఖరి మిషన్ నలభయ్యో రోజు సాయంత్రం కుదిరింది. మర్నాడు అందరూ తమతమ మిషన్లు మోసుకెళ్లి షట్టర్లు ఎత్తారు. ఆ అంకె నిజం. మా తోడికోడలి ఉద్యోగం నిలబడుతుంది. గుండెల మీది బరువు దిగినట్టయింది, లేచి వెళ్లిపోవచ్చు కూడా. కానీ నోరు ఊరుకోలేదు.

"నలభై రోజులూ ఏం తిన్నారు మరి?"

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "పని చేసుకుని తిన్నాం" అన్నారు డాక్టరు గారు. "రండి, చూపిస్తాను."

సందు మధ్యలో ఒక మేడ మీద పొడవాటి హాలు ఉంది, గుడ్డ తానులు పెట్టుకునే చోటు. విప్పిన ముక్కలు అక్కడే దుప్పట్ల మీద పరిచారట. ఐదో రోజుకు మూడు మిషన్లు ఆడాయి. అవి ఎవరివో తెలియదు, ఎవరివైనా ఫర్వాలేదనుకున్నారు. ఆ మూడింటి మీదే వంతులు వేసుకుని కుట్టారు. ఒకరు బడిపిల్లల యూనిఫాం, దిగగానే ఇంకొకరు ఆసుపత్రి పరదాలు. మిషన్ దొరకనివాళ్లు కత్తిరించారు, కాజాలు తీశారు. ఒప్పుకున్న పనుల్లో ఆలస్యమైనవి ఉన్నాయి గానీ వెనక్కి పోయింది ఒక్కటీ లేదట.

"ఎవరి వంతు ఎప్పుడన్నది తేలాలి కదండీ, అందుకని రోజూ రాత్రి పని ముగిశాక ఎన్ని మిషన్లు ఆడుతున్నాయో గోడ మీద రాసేవాళ్లం" అంటూ ఆయన తలుపు పక్కకు చూపించారు.

గోడ మీద దర్జీ సుద్దతో రెండు వరసల అంకెలు. పైన రోజు, కింద మిషన్లు. ఐదు, మూడు. ఆరు, మూడు. ఏడు, నాలుగు. ఎనిమిది, ఏడు. అలా పాకుతూ పాకుతూ నలభై దగ్గర యాభై ఎనిమిది. ఒక వీధి దెబ్బ తిని కింద పడి, రోజుకింత లేవడం అక్కడ రాసి ఉంది. ఈ గీతను నేను పంతొమ్మిదేళ్లుగా కంప్యూటర్లో గీస్తున్నాను. మొదటి చుక్క, చివరి చుక్క మాత్రమే నా దగ్గర ఉంటాయి, మధ్యలోది మేం ఊహించి వేస్తాం. ఆ మధ్యలోది మొత్తం కళ్లెదుట ఉంది. నిజంగా ఒళ్లు పులకరించింది. చెబితే నవ్వుతారు గానీ ఆ గోడను చేత్తో తాకాను.

ఇరవై మూడో రోజు దగ్గర ఆగాను. ముందు రోజు ముప్పై నాలుగు, ఆ రోజు ఇరవై తొమ్మిది.

"ఇక్కడ ఎందుకు తగ్గింది?"

డాక్టరు గారి కళ్లు మెరిశాయి. ఆ సంగతి అంతకుముందు ఎవరూ అడగలేదనుకుంటాను. "చొక్కాలు కుట్టే కుర్రాడొకడు పక్క మిషన్ చప్పుడు విని, అది నా షటిలే అన్నాడండి. చూస్తే నిజమే. దాన్ని తీస్తే, ఆ మిషన్‌కు తగినది ఇంకోదాంట్లో. దాన్ని తీస్తే దానిది మరోదాంట్లో. ఐదు విప్పాల్సి వచ్చింది."

"ఆడుతున్నవాటిని విప్పడానికి అందరూ ఒప్పుకున్నారా?"

"బాగా తిట్టుకుని ఒప్పుకున్నారు. విప్పకపోతే నెల తిరక్కుండా ఐదు గాడులూ పాడయ్యేవి."

దొంగలెక్కలు నేను వేలకొద్దీ చూశాను. కల్పించి రాసే మనిషి అంకెను పెంచుకుంటూనే పోతాడు, మధ్యలో వెనక్కి నడిపించాలన్న ఊహే రాదు. ఆ ఇరవై తొమ్మిదిని మించిన సాక్ష్యం నాకు అక్కర్లేదు. అంకెలన్నీ ఎక్కించుకుని, మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని ప్రశ్నలు వేస్తూనే ఉన్నాను. వంతులు ఎవరు వేశారు, జ్వరం వస్తే ఎలా, సుద్ద ఎవరు తెచ్చారు. వాళ్లకు తల ప్రాణం తోకకు వచ్చి ఉంటుంది.

చివరికి కిందికి దిగి, బొత్తాలామెను ఫారంలో ఉన్నట్టే అడిగాను. "దెబ్బ తగిలాక మీ దుకాణం ఎన్నో రోజున మళ్లీ తెరిచారు?"

"నలభై ఒకటి."

"పని ఎన్నో రోజున మళ్లీ మొదలైంది?"

"ఐదు. అది అడగరేం మరి? ఆ ప్రశ్న రాసింది ఎవరో గానీ, ఒక్కనాడైనా దుకాణంలో కూర్చున్న మనిషి కాదు."

పెద్ద రోడ్డు దగ్గర గుచ్చుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది.

సోమవారం డైరెక్టరు గారి బల్ల ముందు నిలబడ్డాను. ఆ రోజే రిపోర్టు వెళ్లాలి. ఆయన కట్ట చూసి, "ముప్పై ఒకటే కదా, తీసేయండి" అన్నారు.

"ఫారాలు సరిగ్గానే ఉన్నాయి సర్. ప్రశ్న తప్పు."

"అంటే మిగతా ఏడువేల ఫారాలు?"

"అవీ అనుమానమే సర్. మనం షట్టర్లు లెక్కపెట్టాం. వీధి తేరుకుందో లేదో అడగలేదు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మేడమ్, పంతొమ్మిదేళ్లుగా ఇదే ప్రశ్న."

"అవును సర్. రాసింది నేనే."

రిపోర్టు ఆగదన్నారు. ఆ సందుకు మార్కు వేయకుండా వదిలి, నేను రాసిచ్చినది చివరి పేజీలో చేరుస్తామన్నారు. మార్కు లేని ఫారాలు రిజిస్టర్లోకి ఎక్కాలి కాబట్టి నా బల్ల దగ్గరికి వచ్చి రిజిస్టరు తెరిచాను. వీధి రాశాను, ముప్పై ఒకటి రాశాను. కారణం: ప్రశ్న దుకాణాన్ని అడిగింది, పనిని అడగలేదు. తప్పు ఎవరిది అన్న గడిలో నా నంబరు వేశాను. నా నంబరు మూడు. పుస్తకం మొత్తంలో ఆ గడిలో ఆ నంబరు ఎక్కడా లేదు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. పేజీలు వెనక్కి తిప్పాను. పదిహేడు పడిన రెండు చోట్లా కారణం ఒకటే ఉంది, నా అక్షరాలతోనే: అందరికీ ఒకే జవాబు, కూర్చుని నింపినవి.

పాత కట్టలు మెట్ల కింది గదిలో ఉంటాయి. మొదటిది దొరికింది. కూరగాయల మార్కెట్టు కాలిపోయినప్పటి పన్నెండు ఫారాలు, పన్నెండింటిలోనూ పదహారు. దుమ్ము దులపబోతే పైది తిరగబడింది. వెనక పెన్సిలుతో, బాగా తెలిసిన గుండ్రటి అక్షరాలు: "పన్నెండు కొట్లకూ మిగిలిన కప్పు ఒక్కటే. మూడో రోజు నుంచి దాని కింద వంతులవారీగా అమ్మారు. అందరి కప్పులూ వేశాక పదహారో రోజున ఎవరివి వాళ్లు తెరిచారు." రెండో ఫారం తిప్పాను, దాని వెనకా ఉంది. పన్నెండింటికీ ఉంది. రెండో కట్టలో వలలు అల్లేవాళ్ల ఇళ్లు పద్దెనిమిది, వాటన్నిటి వెనకా ఉంది. కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు ఏటా నేను చెప్పే మాట ఒకటుంది. వెనక వైపు ఏమీ రాయకండి, అది కంప్యూటర్లోకి ఎక్కదు, ఎవరూ చూడరు.

కుట్టుమిషన్ల సందు కట్ట తెచ్చి అదీ తిప్పి చూశాను. ముప్పై ఒక్క ఫారాల వెనకా తెల్లగా ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె మెట్ల దగ్గర బట్టలు మడత పెడుతోంది. దుప్పటి మడవడం ఒక్కదానివల్ల కాక అవస్థ పడుతుంటే వెళ్లి రెండు కొసలు పట్టుకున్నాను.

"నీ నంబరు వేయలేదు" అన్నాను.

"తెలుసక్కా. మీది వేసుకున్నారట కదా, ఆఫీసంతా అదే మాట."

"పాత రెండూ కొట్టేయమని రాసిచ్చాను. నీదేం తప్పు లేదు. నేను చాలా తప్పు చేశాను."

ఆమె తలూపింది. దుప్పటి సగానికి మడిచాం. దగ్గరికి వచ్చి తన కొసలు నా చేతికి ఇస్తుంటే అడిగేశాను.

"ఈసారి వెనక ఏమీ రాయలేదేం? రాసుంటే..."

"రెండుసార్లు రాశాను కదక్కా" అని, కింద వేలాడుతున్న మడత అందుకుంది.